చాద్ వారా

ఎడ్వర్డ్ చాద్ వారా (నవంబరు 12, 1911 – నవంబరు 8, 2007) ఇంగ్లాండుకు చెందిన ఆంగ్లికన్ మతగురువు, సంఘసేవకుడు, రచయిత. ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవారి మాటలను టెలిఫోనులో ఓపికగా వినడానికి 1953లో లండనులో ఈయన ప్రారంభించిన సమారిటన్స్ అనే సేవ తరువాతి కాలంలో ఎన్నో దేశాలలోని సహాయవాణులకు మార్గదర్శకమైంది. విశ్వవిద్యాలయాలలో విద్యార్థులే రాత్రంతా మేలుకొని తోటి విద్యార్థుల బాధలు వినే నైట్‌లైన్ సేవలు కూడా ఈ ఒరవడిలో పుట్టినవే. మానసిక వైద్యంలో శిక్షణ లేని సామాన్యులు సైతం శ్రద్ధగా వినడం ద్వారా ఒక ప్రాణాన్ని నిలబెట్టగలరని ఆచరణలో చూపడం ఈయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం.

బాల్యం, విద్యాభ్యాసం

చాద్ వారా ఇంగ్లాండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో హంబర్ నది ఒడ్డున ఉన్న బార్టన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆ ఊరి చర్చికి గురువు. తొమ్మిదిమంది సంతానంలో ఈయనే పెద్దవాడు. ఏడవ శతాబ్దంలో ఆ ప్రాంతంలో మఠాన్ని స్థాపించిన సెయింట్ చాద్ పేరునే తండ్రి ఈయనకు పెట్టాడు. నాటింగ్‌హామ్‌షైర్‌లోని వర్క్‌సాప్ కళాశాలలోను, ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కీబుల్ కళాశాలలోను చదివాడు. ఆక్స్‌ఫర్డులో మొదట ప్రకృతి శాస్త్రాలు చదవడం మొదలుపెట్టి, తత్వశాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రాల వైపు మళ్ళి 1933లో పట్టా పొందాడు. మార్కులు మాత్రం అంతంతమాత్రమే, మూడవ శ్రేణి. స్లావిక్, స్కాండినేవియన్ భాషల మీద ఆసక్తి ఈయనకు విద్యార్థి దశనుండే ఉండేది.

మతగురువు కావాలన్న పట్టుదల ఈయనకు మొదట లేదు. తరువాత లింకన్ నగరంలోని మతశాస్త్ర కళాశాలలో చేరాడు. అక్కడ ఈయనకు బోధించినవారిలో, అనంతర కాలంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయిన మైకేల్ రామ్సే ఒకడు. 1935లో డీకనుగాను, 1936లో గురువుగాను అభిషేకం పొందాడు.

మొదటి అంత్యక్రియలు

1935లో లింకన్‌లోని సెయింట్ గైల్స్ చర్చిలో సహాయ గురువుగా చేరిన కొద్దికాలానికే చాద్ వారా తన జీవితంలో మొదటిసారి ఒక అంత్యక్రియ జరిపించవలసి వచ్చింది. చనిపోయినది పద్నాలుగేళ్ళ బాలిక. రజస్వల అయినప్పుడు అది సహజమైన శారీరక మార్పు అని చెప్పేవారు లేక, తనకేదో సుఖవ్యాధి సోకిందని భయపడి ఆమె ఆత్మహత్య చేసుకొన్నది. ఇంట్లో ఒక్కరితో ఒక్క మాట అడగగలిగినా ఆమె బ్రతికి ఉండేదన్న ఆలోచన ఆ యువ గురువును విడిచిపెట్టలేదు. ఇటువంటి మరణం మరొకటి జరగకుండా చేతనైనది చేయాలని ఆ సమాధి వద్దనే నిశ్చయించుకొన్నట్లు ఈయన తరువాత పలుమార్లు చెప్పుకొన్నాడు.

దాని ఫలితంగా, యువజన సంఘాలలో లైంగిక విజ్ఞానం బోధించడం మొదలుపెట్టాడు. 1930ల ఇంగ్లాండులో ఒక మతగురువు ఈ పని చేయడం సాధారణ విషయం కాదు. నిందలు తప్పలేదు. కానీ పెళ్ళి చేసుకోబోయే జంటలు, కుటుంబ సమస్యలున్నవారు, చెప్పుకోలేని బాధలున్నవారు ఈయన్ను వెదుక్కుంటూ రాసాగారు. వారిలో కొందరు ప్రాణం తీసుకోవాలనుకొంటున్నవారని ఈయన క్రమంగా గ్రహించాడు.

1938 నుండి లండనులోని పట్నీలోను, 1940 నుండి బారో-ఇన్-ఫర్నెస్‌లోను సహాయ గురువుగా పనిచేసి, 1942లో బ్లాక్‌బర్న్‌లోని హోలీ ట్రినిటీ చర్చికి, 1949లో లండనులోని క్లాఫమ్ జంక్షన్ సమీపాన ఉన్న సెయింట్ పాల్ చర్చికి పెద్ద గురువుగా వెళ్ళాడు. 1940లో సుసాన్ వాన్‌స్లాను వివాహం చేసుకొన్నాడు. ఆమె తరువాత మదర్స్ యూనియన్ అనే అంతర్జాతీయ మహిళా సంస్థకు అధ్యక్షురాలైంది. వీరికి ఒక కుమార్తె, నలుగురు కుమారులు. కుమారులలో ముగ్గురు ఒకే కాన్పులో పుట్టినవారు.

పిల్లల పత్రికలలో రచనలు

అయిదుగురు పిల్లల కుటుంబానికి గురువు జీతం చాలేది కాదు. మరొక మతగురువైన మార్కస్ మోరిస్ 1950లో ప్రారంభించిన ఈగిల్ అనే పిల్లల బొమ్మల కథల పత్రికలోను, దాని సోదర పత్రికలలోను చాద్ వారా రచనలు చేశాడు. ఈగిల్‌లో వచ్చిన అంతరిక్ష వీరుడు డాన్ డేర్ కథలకు శాస్త్ర విషయాలలో సలహాదారుగా కూడా ఉన్నాడు. పగలంతా చర్చి పనులు, సలహా కోసం వచ్చేవారితో మాటలు, రాత్రివేళ కథల రచన. ఆత్మహత్యల నివారణకు పేరుపడిన వ్యక్తి, బ్రిటన్‌లో ఒక తరం పిల్లలు ఆత్రంగా చదివిన అంతరిక్ష కథల వెనుక కూడా ఉండడం చాలామందికి తెలియని సంగతి. పత్రికలవారితో ఏర్పడిన ఈ పరిచయాలు తరువాత సమారిటన్స్ ప్రచారానికి ఎంతగానో ఉపయోగపడ్డాయి.

సమారిటన్స్ స్థాపన

1952లో పిక్చర్ పోస్ట్ అనే ప్రసిద్ధ వారపత్రికలో లైంగిక విజ్ఞానం ఆవశ్యకతపై చాద్ వారా అభిప్రాయాలు ప్రచురితమయ్యాయి. వెంటనే ఉత్తరాలు వెల్లువెత్తాయి. వాటిలో కొన్ని ఆత్మహత్య అంచున ఉన్నవారు వ్రాసినవి. ఉత్తరం వ్రాసి, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూసే స్థితిలో వారు లేరు. లండను మహానగరంలో రోజుకు సగటున మూడు ఆత్మహత్యలు జరుగుతున్నాయని అదే రోజులలో ఈయన చదివాడు. ఇల్లు కాలితే, దొంగలు పడితే, ప్రమాదం జరిగితే 999కి ఫోను చేయవచ్చు. చనిపోవాలనిపించినవారు ఎవరికి ఫోను చేయాలి? ఈ ప్రశ్నే సమారిటన్స్‌కు మూలం.

ఈ పనికి తగిన చోటు కూడా అనుకోకుండా దొరికింది. లండను నగరం నడిబొడ్డున, మేయరు అధికార నివాసమైన మాన్షన్ హౌస్‌ను ఆనుకొని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అనే చర్చి ఉంది. క్రిస్టోఫర్ రెన్ రూపకల్పనలో 1670లలో నిర్మించబడిన ఈ చర్చి రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతిన్నది. చుట్టూ బ్యాంకులు, కార్యాలయాలే కాని నివాస గృహాలు లేనందున అక్కడి గురువుకు మిగిలిన చర్చిలలో ఉన్నంత పని ఉండదు. ఆ చర్చిపై నియామకాధికారం ఉన్న గ్రోసర్స్ కంపెనీ అనే పురాతన వర్తక సంఘానికి తన ఆలోచన వివరించి, 1953లో ఈయన అక్కడ రెక్టరుగా నియమితుడయ్యాడు. ఆ పదవిలో తరువాతి యాభై సంవత్సరాలు కొనసాగాడు.

సులభంగా గుర్తుండే నంబరు కావాలన్న ఉద్దేశంతో మాన్షన్ హౌస్ ఎక్స్చేంజిలో 9000 సంఖ్యను ఈయన కోరదలచాడు. శిథిలాల దుమ్ములో ఉన్న చర్చి టెలిఫోనును తుడిచి చూడగా దానిపై ఉన్నది అదే నంబరు అని ఈయన చెప్పేవాడు. సమారిటన్స్ చరిత్రలో తరచు చెప్పుకొనే ముచ్చట ఇది. నవంబరు 2, 1953న మొదటి ఫోను వచ్చింది. మొదట్లో ఫోను వద్ద ఉన్నది ఇద్దరే: చాద్ వారా, ఈయన కార్యదర్శి వివియన్ ప్రాసర్. అదే సంవత్సరం డిసెంబరులో డైలీ మిర్రర్ దినపత్రిక వీరిని బైబిలులోని మంచి సమరయునితో పోలుస్తూ వార్త ప్రచురించింది. దారిలో దోపిడీకి గురై పడివున్న పరాయివానిని, అందరూ తప్పుకొని పోతుండగా ఆగి ఆదుకొన్నవాడు ఆ కథలోని సమరయుడు. సంస్థకు ఈ పేరు స్థిరపడింది. పేరు బైబిలు నుండి వచ్చినా, ఫోను చేసినవారికి మతబోధ చేయకూడదన్నది మొదటినుండీ గట్టి నియమం. ఈ నియమాన్ని విధించినది ఒక మతగురువే కావడం గమనించదగినది.

ఆనాటి చట్టం ప్రకారం ఇంగ్లాండులో ఆత్మహత్యాయత్నం నేరం. బ్రతికి బయటపడినవారిని కోర్టుకు తీసుకువెళ్ళడం, కొందరికి జైలుశిక్ష పడడం కూడా జరిగేది. కనుక చనిపోవాలని ఉందని పోలీసుకో అధికారికో చెప్పుకోవడానికి జనం భయపడేవారు. 1961లో ఆత్మహత్యా చట్టం వచ్చి ఈ నేరాన్ని తొలగించేవరకు ఇదే పరిస్థితి. ఫోను చేసినవారి పేరు అడగకపోవడం, విన్నది ఎవరికీ చెప్పకపోవడం అన్న సమారిటన్స్ నియమాలకు ఆ రోజుల్లో ఇంత బరువు ఉండేది.

ఆత్మహత్యలను ఆపడానికి జరిగిన తొలి ప్రయత్నం మాత్రం ఇది కాదు. న్యూయార్క్‌లో హారీ వారెన్ అనే మతగురువు 1906లోనే ఇటువంటి సంఘాన్ని స్థాపించాడు. మరుసటి సంవత్సరం సాల్వేషన్ ఆర్మీ లండనులో ఒక విభాగాన్ని తెరిచింది. టెలిఫోనును ప్రధాన సాధనంగా చేసుకోవడం, సామాన్య ప్రజలను శ్రోతలుగా నిలపడం చాద్ వారా ప్రత్యేకతలు.

వినేవారి పాత్ర

ఈ రెండవ ప్రత్యేకత ముందుగా వేసుకొన్న ప్రణాళిక కాదు. ప్రారంభంలో చాద్ వారా ఉద్దేశం, సలహా ఇచ్చేది తానే, మిగిలినవారు సహాయకులు అన్నదే. ఫోను చేసిన తరువాత చాలామంది స్వయంగా చర్చికి వచ్చేవారు. వారి వంతు వచ్చేవరకు పక్క గదిలో కూర్చోబెట్టి టీ ఇవ్వడానికి, పలకరించడానికి కొందరు స్వచ్ఛంద సేవకులు ముందుకు వచ్చారు. వీరు వైద్యులు కారు, సలహాదారులు కారు. కొద్ది వారాలు గడిచేసరికి ఒక విచిత్రం బయటపడింది. ఆ సేవకులతో మాట్లాడినవారిలో అనేకులు, ఇక గురువుగారిని కలవనవసరం లేదని చెప్పి తేలికపడిన మనసుతో వెళ్ళిపోతున్నారు. తాను ఇచ్చే సలహా కన్నా ఆ టీ ఇచ్చేవారి ఓపికే ఎక్కువమందికి అవసరమని గ్రహించిన చాద్ వారా, 1954 ఫిబ్రవరిలో ఫోను తీసే బాధ్యతను సేవకులకు అప్పగించాడు. తన నైపుణ్యానికి ప్రాముఖ్యం తగ్గిందని బాధపడకుండా వెనుకకు తగ్గడం ఈయన చేసిన పనులన్నిటిలోను పెద్దదని చెప్పవచ్చు.

ఈ పద్ధతికి బిఫ్రెండింగ్ అని, అంటే స్నేహితునివలె తోడు నిలవడం అని పేరు వచ్చింది. దీనిలో వినేవారు తీర్పు చెప్పరు, ఉపదేశించరు, తమ అనుభవాలు ఏకరువు పెట్టరు. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగడానికి వెనుకాడరు. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని, పైగా అప్పటిదాకా ఎవరితోనూ అనలేని మాట బయటకు వస్తుందని వారికి శిక్షణలో నేర్పుతారు. తన జీవితం గురించి నిర్ణయించుకొనే హక్కు ఫోను చేసినవారిదే. వైద్యం అవసరమైనవారిని వైద్యుల వద్దకు వెళ్ళేలా ప్రోత్సహిస్తారు. సేవకుల ఎంపికలో చాద్ వారా కఠినంగా ఉండేవాడు. ఉద్ధరించాలన్న ఉత్సాహం ఎక్కువగా ఉన్నవారిని, మాటకారులను పక్కనబెట్టి, నిదానస్తులను, ఎదుటివారి మౌనాన్ని భరించగలవారిని తీసుకొనేవాడు.

అన్ని ఫోన్లూ ఆపదలో ఉన్నవారివి కావు. లైంగిక తృప్తి కోసం ఫోను చేసే పురుషులకు జవాబివ్వడానికి చాద్ వారా కొందరు మహిళా సేవకులతో ఒక ప్రత్యేక ఏర్పాటు చేశాడు. వారిలోనూ నిజంగా దుఃఖంలో ఉన్నవారు ఉండవచ్చునన్నది ఈయన వాదన. సంస్థలో ఇది వివాదాస్పదమై, 1980లలో రద్దయింది.

విస్తరణ

1959లో ఎడిన్‌బరోలో శాఖ ఏర్పడింది. తరువాత ఒక్కొక్క నగరంలో శాఖలు వెలిశాయి. 1963లో సంస్థ చట్టబద్ధంగా నమోదయింది. 1972లో బీబీసీ సమారిటన్స్ పని ఆధారంగా ఒక టెలివిజన్ ధారావాహికను ప్రసారం చేయడంతో పేరు ఇంటింటికీ తెలిసింది. లండను శాఖకు 1974 వరకు చాద్ వారాయే సంచాలకుడు. ఆ తరువాత 1986 వరకు సంస్థ అధ్యక్షుడు. ఇతర దేశాలలోని ఇటువంటి సేవలను కలిపేందుకు 1974లో బిఫ్రెండర్స్ ఇంటర్నేషనల్ ఏర్పాటులో ప్రధాన పాత్ర వహించాడు. ఈయన మరణించేనాటికి బ్రిటన్, ఐర్లండులలో 200కు పైగా సమారిటన్స్ శాఖలు ఉన్నాయి.

సమారిటన్స్ వల్ల నిజంగా ఆత్మహత్యలు తగ్గాయా అన్న విషయంపై పరిశోధకులలో భిన్నాభిప్రాయాలున్నాయి. 1963 తరువాత దాదాపు పుష్కర కాలం ఇంగ్లాండులో ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి. శాఖలున్న పట్టణాలలో తగ్గుదల కనిపించిందని 1968లో ఒక అధ్యయనం పేర్కొన్నది. 1970లలో జరిగిన మరింత జాగ్రత్తైన పోలికలలో ఆ తేడా కనిపించలేదు. ఇళ్ళలో వాడే ఇంధనంలో ఆ కాలంలో వచ్చిన మార్పే తగ్గుదలకు ప్రధాన కారణమని పలువురు తేల్చారు. అయితే ఫోనులో తేలికపడిన ఒక వ్యక్తి బాధ పట్టణపు లెక్కలలో కనబడదు కనుక, ఈ అధ్యయనాలను బట్టి సేవకు విలువ లేదనడం కూడా సరికాదు.

విద్యార్థుల నైట్‌లైన్‌లు

సమారిటన్స్ ప్రభావం స్పష్టంగా కనిపించే మరొక రంగం విశ్వవిద్యాలయాలు. 1970లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదటి నైట్‌లైన్ ఏర్పడింది. మరుసటి సంవత్సరం లండనులోను, క్రమంగా బ్రిటన్, ఐర్లండులలోని అనేక విశ్వవిద్యాలయాలలోను ఇటువంటివి వచ్చాయి. ఇల్లు విడిచి కొత్త ఊరికి వచ్చిన విద్యార్థికి పగలు అధ్యాపకులు, వైద్యుడు, మిత్రులు ఉంటారు. రాత్రి రెండు గంటలకు ఎవరూ ఉండరు. పరీక్ష తప్పుతానేమోనన్న భయం, ప్రేమ విఫలమైన దిగులు, ఇంటిమీద బెంగ, డబ్బు ఇబ్బంది, అన్నీ ఆ వేళకే పెద్దవవుతాయి. నైట్‌లైన్ పనిచేసేది ఆ వేళల్లోనే. సాధారణంగా సాయంత్రం మొదలై తెల్లవారేవరకు.

పనిచేసేవారు కూడా విద్యార్థులే. శిక్షణ పూర్తిచేసినవారు వంతులవారీగా, ఒంటరిగా కాక కనీసం ఇద్దరు కలిసి, రాత్రి కాపలా కాస్తారు. ఫోను లేనప్పుడు చదువుకొంటారు, కునుకు తీస్తారు. వారు కూర్చొనే గది ఎక్కడుందో చాలాచోట్ల రహస్యం. తాము నైట్‌లైన్‌లో ఉన్నామని సేవకులు స్నేహితులకు కూడా చెప్పరు. ఒకే తరగతిలో చదివేవారే ఫోను చేయవచ్చు కనుక ఈ జాగ్రత్త అవసరం. తమ పేరుతో బయట ప్రచారం చేసేది ఒకరిద్దరు మాత్రమే. సలహా ఇవ్వకుండా వినడం, గోప్యత, తీర్పు చెప్పకపోవడం అన్న సూత్రాలు సమారిటన్స్‌వే. వీటికి తోడు, అర్ధరాత్రి టాక్సీ నంబరు, పరీక్ష గది వివరం, వైద్యశాల వేళలు వంటి చిన్న సమాచారం కూడా అందిస్తారు. అటువంటి చిన్న ప్రశ్నతో మొదలుపెట్టి, కాసేపటికి అసలు బాధ చెప్పుకొనేవారు ఉంటారు. బరువైన సంభాషణ తరువాత సేవకుడు దానిని మనసులో మోసుకొని వెళ్ళకుండా, సంస్థలోని మరొకరితో మాట్లాడే ఏర్పాటు ఉంటుంది. 2000ల నుండి ఈమెయిలు, సందేశాల ద్వారా కూడా ఈ సేవ లభించసాగింది.

భారతదేశంతో సంబంధం

భారతదేశంలో ఈ పద్ధతిని అనుసరించిన సంస్థలలో ప్రముఖమైనది స్నేహ. మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ దీనిని 1986లో చెన్నైలో స్థాపించారు. హైదరాబాదులో 1997లో ప్రారంభమైన రోష్ని కూడా బిఫ్రెండర్స్ కుటుంబానికి చెందినదే. ఇంటర్మీడియట్, ప్రవేశ పరీక్షల ఫలితాలు వెలువడే రోజుల్లో ఇటువంటి సేవల అవసరం తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లాండులో 1961లోనే తొలగిపోయిన నేరం, ఆంగ్లేయులు చేసివెళ్ళిన భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను రూపంలో ఇక్కడ మరెన్నో దశాబ్దాలు నిలిచిపోయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాని ప్రభావాన్ని బాగా తగ్గించింది. జూలై 1, 2024 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షను లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరులో తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఉచితంగా ఫోను చేయవచ్చు.

వ్యక్తిత్వం, వివాదాలు

చాద్ వారా చర్చి కట్టుబాట్లకు సులభంగా లొంగే మనిషి కాడు. క్రైస్తవ గురువై ఉండి కూడా పునర్జన్మను నమ్మేవాడు. 1992లో వెలువడిన ఈయన ఆత్మకథ పేరులోనే ఈ నమ్మకం ధ్వనిస్తుంది: మళ్ళీ చనిపోయేలోగా అన్నది దాని అర్థం. లైంగిక విషయాలను చర్చించే ఫోరమ్ పత్రికకు రెండు దశాబ్దాలు సలహాదారుగా ఉన్నాడు. ఎయిడ్స్ రోగులకు సేవచేసే టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్టుకు పోషకుడుగా వ్యవహరించాడు. ఎనభై ఏళ్ళ వయసులో, బాలికల జననాంగాలను కోసే ఆచారానికి వ్యతిరేకంగా పురుషులతో ఒక సంఘాన్ని స్థాపించాడు. లింకన్‌లోని ఆ బాలిక కథకు, దీనికి నడుమ యాభై ఏడేళ్ళ ఎడం ఉన్నా, దారి ఒక్కటే.

సెయింట్ స్టీఫెన్ చర్చి పునరుద్ధరణ సమయంలో శిల్పి హెన్రీ మూర్ చెక్కిన గుండ్రని రాతి బలిపీఠాన్ని మధ్యలో ప్రతిష్ఠించడంపై పెద్ద వివాదం చెలరేగింది. అది చట్టం చెప్పే బల్ల కాదంటూ దిగువ మత న్యాయస్థానం అనుమతి నిరాకరించగా, అరుదుగా సమావేశమయ్యే ఉన్నత మత న్యాయస్థానం 1987లో చాద్ వారా పక్షానికి అనుకూలంగా తీర్పు చెప్పింది.

చివరి దశలో తాను స్థాపించిన సంస్థతోనే ఈయనకు పొసగలేదు. ఆత్మహత్య అంచున ఉన్నవారి కోసం పెట్టిన సేవ, అందరి మానసిక క్షోభకూ సంబంధించిన సాధారణ సేవగా మారిపోతున్నదని 2004లో బహిరంగంగానే అసంతృప్తి ప్రకటించాడు. ప్రాణాపాయం దాకా రాకముందే వినడం మంచిదని భావించేవారు ఈ విమర్శను అంగీకరించలేదు.

గౌరవాలు, మరణం

బ్రిటిష్ ప్రభుత్వం 1969లో ఓబీఈ, 1995లో సీబీఈ, 2000లో కంపానియన్ ఆఫ్ ఆనర్ పురస్కారాలతో సత్కరించింది. 1975లో సెయింట్ పాల్ కెథెడ్రల్‌కు ప్రిబెండరీగా గౌరవ పదవి లభించింది. భార్య సుసాన్ 1993లో మరణించింది. 2003లో, తొంభై ఒక్క ఏళ్ళు దాటిన తరువాత, రెక్టరు పదవి నుండి విరమించాడు. అప్పటికి చర్చ్ ఆఫ్ ఇంగ్లాండులో పదవిలో ఉన్న గురువులందరిలో ఈయనే వృద్ధుడు.

నవంబరు 8, 2007న, తొంభై ఆరవ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, బేసింగ్‌స్టోక్‌లోని ఆసుపత్రిలో చాద్ వారా మరణించాడు. 1953లో మొదటి పిలుపు అందుకొన్న నల్లని టెలిఫోనును సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో అద్దాల పెట్టెలో భద్రపరచారు.